ఏడాదికో మిరియపు గింజ

ఏవ్రిల్ పిల్బీమ్ ముప్పై ఏళ్ళకు పైగా హెర్న్ బే ఊరికి కారు నడపడం నేర్పింది. ఊళ్ళో సగం మంది ఆవిడ కేకలకు గేర్లు మార్చినవాళ్ళే. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. "అద్దం చూడు, సిగ్నలివ్వు, ఆ తర్వాతే కదులు" అన్న ముక్క ఆవిడ నోట కొన్ని వందలసార్లు విని ఉంటాను. పెళ్ళి చేసుకోబోయే వాళ్ళకూ, ఉద్యోగం మానేయబోయే వాళ్ళకూ కూడా ఆవిడ అదే సలహా ఇచ్చేది.

ఊరందరికీ కారు నిలపడం నేర్పిన మనిషికి తన కారు నిలుపుకోవడానికి మాత్రం చోటు లేదు. మా వీధి సముద్రానికి ఎదురుగా ఉంటుంది. వేసవి వస్తే లండన్ నుంచి దిగిన జనం కార్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టి, వేయించిన చేపలు కాగితంలో పట్టుకుని గట్టు మీద కూర్చుంటారు. ఏవ్రిల్ వీధి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి చర్చి శ్మశానం గోడ పక్కన కారు పెట్టి, వంకరపోయిన మోకాళ్ళతో నడిచి వచ్చేది. "ఎలాగూ చివరికి అక్కడే కదా పార్కింగు. ఇప్పట్నుంచీ చోటు పట్టి ఉంచుతున్నా" అనేది.

మాది మూడంతస్తుల ఇల్లు. ఒకప్పుడు ఫాగ్ అనే ఆయన నడిపిన బసగృహం. ఆయన దాన్ని మూడు ఫ్లాట్లుగా కోసి రెండు అమ్మాడు. అమ్మాడంటే, గోడల మధ్య ఉండే హక్కును తొంభై తొమ్మిదేళ్ళకు రాసిచ్చాడు. నేల, ఇటుకలు, పైకప్పు ఫాగ్ కుటుంబానివే. అందుకు మేము ఏడాదికి కొంత నేల అద్దె కట్టాలి. ఆయన పోయాక కొడుకు రోలండ్ ఫాగ్ కింది ఫ్లాట్లో ఉంటూ, ఇంటి యజమాని అనిపించుకుంటున్నాడు. మధ్య అంతస్తు నాది. పైది ఏవ్రిల్‌ది.

ఇలాంటి లీజు ఎండలో పెట్టిన ఐసుగడ్డ లాంటిది. కరుగుతోందని అందరికీ తెలుసు. ఇల్లు అమ్మబోయే రోజు దాకా ఎవరూ తిరిగి చూడరు. ఏవ్రిల్ చూసేసరికి అరవై చిల్లర ఏళ్ళు మిగిలాయి. అంత తక్కువ లీజున్న ఇంటికి బ్యాంకులు అప్పు ఇవ్వవు. అప్పు రాని ఇల్లు ఎవరూ కొనరు. కాబట్టి ముందు లీజు పొడిగించుకోవాలి. పొడిగించవలసినవాడు రోలండ్ ఫాగ్.

అక్కడే వచ్చింది చిక్కు. ఫాగ్‌కు ఏవ్రిల్ అంటే పడదు. దానికి కారణం ఊరంతటికీ తెలుసు. ఫాగ్ జీవితంలో ఎప్పుడూ కారు నడపలేదు. వాళ్ళ నాన్న వదిలిపోయిన పాత రోవర్ కారు వారానికోసారి తుడుచుకునేవాడు, అంతే. ఆయన భార్య హెస్టర్ అల్లికల క్లబ్బుకు వెళ్తున్నానని చెప్పి, ఏవ్రిల్ దగ్గర కారు నేర్చుకుంది. మొదటిసారికే పరీక్ష పాసైంది. మరుసటి వారం ఆ రోవర్ ఎక్కి ష్రూస్‌బరీ వెళ్ళి, అక్కడ ఊలు దుకాణం పెట్టుకుని, మళ్ళీ రాలేదు.

"నేను బ్రేకు కూడా నేర్పాను. ఆమె వాడుకోలేదు, నేనేం చేయను?" అనేది ఏవ్రిల్.

అప్పటినుంచీ ఫాగ్ ఆవిడతో మాట్లాడటం మానేసి, చీటీలు రాయడం మొదలుపెట్టాడు. ఆయనకు లీజు కంఠతా వచ్చు. సముద్రం వైపు కిటికీలో తడిబట్టలు కనిపించరాదు. రాత్రి పదకొండు తర్వాత వాద్యములు వాయించరాదు. పక్షి, కుక్క, పిల్లి, ఏ ఇతర జంతువునూ ఉంచరాదు. ఏవ్రిల్‌కు క్లచ్ అనే నారింజరంగు పిల్లి ఉండేది. అందుచేత చీటీల్లో ఎక్కువ భాగం దాని గురించే. ప్రతి చీటీ కింద "మీ విధేయుడు, ఆర్. ఫాగ్" అని ఉండేది. ఏవ్రిల్ ఆ చీటీ మీదే ఎర్ర సిరాతో డ్రైవింగ్ పరీక్ష మార్కులు వేసి తిరిగి ఆయన తలుపు కింద తోసేది. "చిన్న తప్పులు రెండు. పెద్ద తప్పు లేదు. పాస్." ఇలా పదకొండేళ్ళు గడిచాయి.

ఇంతలో తీరం వెంట కాస్త అవతల ఉన్న సీసాల్టర్‌లో ఒక చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. మెట్లు లేవు. ముందు కాంక్రీటు జాగా ఉంది. ఏవ్రిల్ ఇంటి లోపలికి వెళ్ళకుండానే ఆ కాంక్రీటు మీద కారు నిలిపి, ఇంజను ఆపి, చాలాసేపు లోపలే కూర్చుందట. ఇంటాయన బయటికొచ్చి, "లోపల కూడా చూస్తారా అమ్మా?" అని అడగవలసి వచ్చింది. ఆయన మంచివాడే గాని ఆయనకూ తొందర ఉంది. సెప్టెంబరు చివరిదాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఇంకొకరికి.

లాయరు ఉన్నమాట చెప్పాడు. చట్టప్రకారం ఫాగ్ మెడలు వంచి పొడిగించుకోవచ్చు, కాని ఏడాది పట్టవచ్చు. ఆయన తనంతట తాను సంతకం పెడితే నెలరోజుల పని.

"అంటే ఆయన్ని మంచి చేసుకోవాలన్నమాట" అంది ఏవ్రిల్. "కొండ ఎక్కేటప్పుడు మూడో గేరు వేయమన్నట్టుంది."

ఏప్రిల్లో ఒకరోజు ఆవిడ కింది తలుపు తట్టింది. నేను మెట్ల మీద ఉన్నాను. ఫాగ్ గొలుసు తీయకుండానే సందులోంచి చూశాడు. టై కట్టుకుని ఉన్నాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్నా కట్టుకునే మనిషి.

"నీళ్ళేమైనా కారుతున్నాయా?" అన్నాడు.

"నీళ్ళు కాదు, లీజు కారిపోతోంది. పొడిగించాలి. ఇల్లమ్ముతున్నాను."

"ఎక్కడికి పోతున్నారు?"

"సీసాల్టర్."

"అక్కడ గాలి ఎక్కువ."

"ఇక్కడ చీటీలెక్కువ."

ఫాగ్ కాసేపు గొలుసు వంక చూశాడు. "పొడిగిస్తే ఆ తర్వాత నాకు నేల అద్దె రాదు. చట్టం ఏమంటోందో తెలుసా? ఏడాదికి ఒక్క మిరియపు గింజట. అదీ అడిగితేనే ఇవ్వాలట."

"అయితే అడక్కండి. ఈ దేశంలో ఎవరూ అడగరు."

"నేను అడుగుతాను."

"అడగండి మరి. నల్లదా, తెల్లదా?"

తలుపు మూసుకుంది. మర్నాడు చీటీ వచ్చింది. "లీజు పొడిగింపునకు సూత్రప్రాయంగా అభ్యంతరం లేదు. మీ విధేయుడు, ఆర్. ఫాగ్. తా.క. నల్లది."

ఏవ్రిల్ ఆ చీటీకి నూటికి నూరు వేసింది.

ఫ్లాటు కొనేవాళ్ళు వెంటనే దొరికారు. కాంటర్బరీ ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు చూడటానికొచ్చింది. ఆ రోజు ఏవ్రిల్ దాల్చినచెక్క రొట్టె కాల్చింది, కిటికీలు తీసింది, ఎప్పుడూ లేనిది పూలు పెట్టింది. సముద్రం తనంతట తానే మెరిసింది. ఆ అమ్మాయి అక్కడికక్కడే ఒప్పుకుంది. లీజు పొడిగించగానే బ్యాంకు అప్పు ఇస్తుంది. ఇక సంతకమే తరువాయి.

ఆ సంతకం రాలేదు. మేలో ఫాగ్ చీటీ వచ్చింది. పాత పటంలో మెట్ల కింద బీరువా తప్పుగా గీశారు, అది తేలాలి. జూన్లో ఇంకోటి. వాననీటి గొట్టం ఎవరి బాధ్యతో తేలాలి. జూలైలో, ఫ్లాటుకు విలువ కట్టవలసిన ఆయన సర్వేయరు సెలవుల్లో ఉన్నాడు. ఏవ్రిల్ ఎర్ర సిరా మానేసింది. కోపం ఎక్కువైతే ఆవిడ మార్కులు వేయదు.

"ముసలాడు హెస్టర్ కసి నా మీద తీర్చుకుంటున్నాడు. సెప్టెంబరు దాటించాలని చూస్తున్నాడు" అంది నాతో. "సరే, ఆ సర్వేయరును రానీ."

సర్వేయరు ఆగస్టులో వస్తానని కబురు పెట్టాడు. అతను వచ్చే రోజు ఉదయం ఏవ్రిల్ నా తలుపు కొట్టింది.

"ఉతికిన బట్టలేమైనా తడిగా ఉన్నాయా అమ్మాయ్?"

"ఎందుకు?"

"నావి చాలట్లేదు."

పైకి వెళ్తే మెట్ల దగ్గరే కంపు ఎదురొచ్చింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో క్యాబేజీ ఉడుకుతోంది. పొద్దున్నుంచీ ఉడుకుతూనే ఉన్నట్టుంది. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. కుర్చీల మీదా తలుపుల మీదా తడి దుప్పట్లు. హాలు మధ్యలో ఒక బకెట్టు. దానికి సరిగ్గా పైన కప్పు మీద టీ డికాషన్‌తో వేసిన గోధుమరంగు మరక ఉంది. ఇంకా చెమ్మగా ఉంది.

"ఫ్లాటు విలువ ఎంత తక్కువ కడితే, పొడిగింపుకి నేను అంత తక్కువ ఇచ్చుకుంటాను" అంది ఏవ్రిల్ ఒక దుప్పటి పిండుతూ. "నర్సు వస్తే రొట్టె, సర్వేయరు వస్తే క్యాబేజీ. ఎవరి మర్యాద వాళ్ళకి."

గంట మోగింది. వచ్చినవాడు నైజెల్ బ్రిసెండెన్. నలభై దాటిన మనిషి, చేతిలో కొలత టేపు. ఏవ్రిల్‌ను చూడగానే భుజాలు దగ్గరికి ముడుచుకున్నాడు. ఒకప్పుడు ఆవిడ శిష్యుడు. నాలుగుసార్లు తప్పి, ఐదోసారి పాసైనవాడు.

"నువ్వా! ఫాగ్‌కి ఇంకెవరూ దొరకలేదా?" అంది ఏవ్రిల్. "కారెక్కడ పెట్టావు?"

"శ్మశానం గోడ పక్కన, మిసెస్ పిల్బీమ్."

"గోడకి ఎంత దూరం?"

"మీరు చెప్పినంత."

"సరే, లోపలికి రా. కాళ్ళు జాగ్రత్త. ఇల్లు చూస్తున్నావుగా, ఎలా అయిపోయిందో. చెమ్మ. పైకప్పు కారుడు. ఈ ఇంట్లో ఉండటమే పాపం."

నైజెల్ గదులు కొలిచాడు. వంటగదిలో గిన్నె మూత ఎత్తి చూసి మళ్ళీ పెట్టాడు. హాల్లోకి వచ్చి బకెట్టు పక్కన చతికిలబడి, నీళ్ళలో వేలు ముంచాడు.

"గోరువెచ్చగా ఉన్నాయండీ" అన్నాడు.

"వేసవి వాన" అంది ఏవ్రిల్.

"వాన పడి పదిహేను రోజులైంది."

"మెల్లిగా కారుతుంది."

నైజెల్ లేచి చేతిరుమాలుతో వేలు తుడుచుకున్నాడు. "ఈ వారంలో ఇది మూడో క్యాబేజీ, మిసెస్ పిల్బీమ్. మొన్న ఒకాయన చేపతలలు కూడా ఉడికించాడు. ఎందుకింత కష్టం? మేము లెక్కవేసేటప్పుడు ఇల్లు శుభ్రంగా, బాగు చేసి ఉందనుకునే వేయాలి. అది రూలు. మీ మరకా లెక్కలోకి రాదు, మీరు సొంత డబ్బుతో పెట్టించుకున్న కొత్త వంటగదీ లెక్కలోకి రాదు."

ఏవ్రిల్ వెళ్ళి పొయ్యి కట్టేసింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీకు అడ్డం చెబితే చేతిమీద కొట్టేవారు. ఆ అలవాటు పోలేదు."

ఆవిడ నవ్వేసింది. నేను కిటికీలు తీశాను. సముద్రపు గాలికి నా దుప్పట్లు ఊగాయి. ఏవ్రిల్ కేకు తెచ్చింది, టీ పోసింది. ఫాగ్ మనిషైనా సరే, ఇంటికొచ్చినవాడికి టీ ఇవ్వకుండా పంపడం ఆవిడకు చేతకాదు. అది తన పథకంలో మొదటినుంచీ ఉన్న లోపమేనని తర్వాత ఒప్పుకుంది. టీ ఇవ్వాలంటే మంచి పింగాణీ తీయాలి. పింగాణీ తీశాక పేదరికం నిలవదు.

అప్పుడే క్లచ్ మెట్లెక్కి వచ్చాడు. తోక నిటారుగా పెట్టుకుని, ఎవరినీ పట్టించుకోకుండా గది దాటబోయాడు.

నైజెల్ ముఖం వెలిగిపోయింది. "అరె, బ్రిగేడియర్! నువ్వు పైకి కూడా వస్తావుట్రా?"

ఏవ్రిల్ చేతిలో టీ కూజా అలాగే ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"బ్రిగేడియర్ అండీ. మిస్టర్ ఫాగ్ పిల్లి. ఇప్పుడే కింద చూశాను. పొగబెట్టిన చేప ముళ్ళు తీసి పెడుతున్నారాయన, టై ఎక్కడ పడుతుందోనని భుజం మీదికి వేసుకుని. దానికో కుర్చీ ఉంది. కుర్చీ మీద ఊలు దుప్పటి..." నైజెల్ మా ముఖాలు చూసి ఆగాడు. "నేను అనకూడనిదేమైనా అన్నానా?"

"లేదు నాయనా" అంది ఏవ్రిల్. "కేకు ఇంకో ముక్క తిను."

అతను వెళ్ళాక ఆవిడ క్లచ్‌ను ఎత్తుకుని ముఖం ముఖానికి దగ్గరగా పట్టుకుంది. వాసన చూసింది.

"చేప" అంది. "పదకొండేళ్ళుగా నేను పెట్టేది సగం వదిలేస్తూంటే, పాపం సున్నితమైన కడుపు అనుకున్నానే! డాక్టరుకి చూపించానే! బ్రిగేడియరట. నేను పేరు పెడితే క్లచ్, ఆయన పెడితే పటాలం."

"ఆయన పిల్లిని ఉంచరాదని చీటీలు రాస్తూ..." అన్నాను.

"ఆయన రాస్తాడు. నేను మార్కులు వేస్తాను. వీడు రెండు చోట్లా తింటాడు." పిల్లిని దింపింది. కుర్చీలో కూర్చుంది. కొంతసేపటికి, "అద్దం చూసుకోలేదు నేను" అంది. "వెనకాలేం వస్తోందో చూసుకోకుండా హారను కొడుతున్నాను. బీరువా పటం చీటీ ఎప్పుడొచ్చింది?"

"మేలో."

"మేలో ఏమొచ్చింది ఇంటికి?"

గుర్తుకు తెచ్చుకున్నాను. మేలో పిల్లిని తీసుకెళ్ళే వెదురు బుట్ట వచ్చింది. దుకాణంవాడు దాన్ని కింద హాల్లో, ఫాగ్ తలుపు ఎదురుగా దించి వెళ్ళాడు. దాని మీద పెద్ద అక్షరాలతో సీసాల్టర్ చిరునామా రాసి ఉంది. ఏవ్రిల్ ముందుచూపుతో రాసి పెట్టమంది. అది రెండురోజులు అక్కడే ఉంది. మూడోరోజు బీరువా చీటీ.

"హెస్టర్ కసి కాదు, నా మొహం కాదు" అంది ఏవ్రిల్. "ముసలాడు పిల్లి పోతుందని ఇల్లు పట్టుకు వేలాడుతున్నాడు. నోరు తెరిచి అడిగితే పదకొండేళ్ళ చీటీలు మింగాలి. అందుకని గొట్టాలు, బీరువాలు."

"ఇప్పుడేం చేస్తారు?"

"సిగ్నలిస్తాను."

మరునాడు సాయంత్రం టీ వేళకు ఆవిడ కిందికి దిగింది. నన్ను సాక్షిగా రమ్మంది. తలుపు గడియ వేసి లేదు. ఏవ్రిల్ ఒక్కసారి తట్టి లోపలికి నడిచింది. క్లచ్ కిటికీ పక్క కుర్చీలో, బూడిదరంగు ఊలు దుప్పటి మీద, కడుపు పైకి పెట్టి నిద్రపోతున్నాడు. ఫాగ్ చేతిలో చేప పళ్ళెంతో లేచి నిలబడ్డాడు.

"ఇది... తలుపు తెరిచి ఉంటే వచ్చింది" అన్నాడు.

"అలాగా. దుప్పటి కూడా అదే అల్లుకుందా?"

"అది నేను అల్లాను."

"మీరా!"

"నేర్చుకున్నాను. ఈ ఊళ్ళో మీరొక్కరే నేర్పగలరనుకుంటున్నారా?"

ఏవ్రిల్ దుప్పటి అంచు తిప్పి చూసింది. ఊలుతో పాటు వచ్చే చిన్న గుడ్డపట్టీ అంచుకు కుట్టి ఉంది, దాని మీద ష్రూస్‌బరీలో హెస్టర్ పెట్టిన దుకాణం పేరు. ఆవిడ ఆ అంచును ఎలా ఉన్నదాన్ని అలా సర్దేసింది. పట్టీ గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ దొరికిన మాట వదిలేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"లీజులో నాలుగో షరతు" అంది. "పక్షి, కుక్క, పిల్లి, ఏ ఇతర జంతువూ..."

"ఆ షరతు కౌలుదార్లకి. నేను యజమానిని."

"ఇంటికి యజమాని. పిల్లికి యజమానిని నేను."

ఫాగ్ పళ్ళెం బల్ల మీద పెట్టాడు. మెడ దగ్గర టై సరిచేసుకున్నాడు. "సీసాల్టర్ రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లి. దానికి లారీలు తెలియవు" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేను ఊరికే చెబుతున్నాను" అన్నాడు.

ఏవ్రిల్ పిల్లి వంక చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపే సాగింది. సీసాల్టర్‌లో తన కుర్చీ ఎక్కడ వేసుకోవాలో, ఆ కుర్చీ పక్కన ఎండ ఎప్పుడు పడుతుందో ఆవిడ ముందే చూసి వచ్చింది. ఆ ఎండ ఎవరి కోసమో నాకు తెలుసు.

"అమ్మను" అంది.

"కొంటానని ఎవరన్నారు?"

"ఊరికే ఇవ్వను."

"ఇమ్మని ఎవరడిగారు?"

"లీజుకిస్తాను."

ఫాగ్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. లీజు అన్న మాట వినగానే ఆయన వెన్ను నిటారైంది. "ఎన్నేళ్ళకి?"

"వాడికి ఎన్నేళ్ళు రాసి ఉంటే అన్నేళ్ళకి."

"పొడిగింపు హక్కు?"

"అది నా చేతిలో లేదు. పై యజమానిని అడుక్కోండి."

"షరతులు?"

"టమాటా రసంలో నానేసిన చేపలు పెట్టకూడదు. ఏడాదికోసారి డాక్టరుకి చూపించాలి. కబురు పెట్టి వచ్చి తనిఖీ చేసే హక్కు నాది. పేరు క్లచ్."

"బ్రిగేడియర్."

"క్లచ్."

"ఆస్తి నా ఆధీనంలో ఉన్నంతకాలం దాని ప్రశాంత అనుభవానికి మీరు భంగం కలిగించరాదు. అది ఏ లీజులోనైనా ఉంటుంది. ఏ పేరుతో పిలిస్తే ప్రశాంతంగా ఉంటుందో ఆ పేరు."

"సరే, ఏ పేరుకి పలికితే ఆ పేరు" అంది ఏవ్రిల్. క్లచ్ ఈ రెండు పేర్లకూ పలకడు, చేపకు తప్ప. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"అద్దె?" అన్నాడు ఫాగ్.

"మీరెంత పుచ్చుకుంటారో అంతే. ఏడాదికో మిరియపు గింజ. అడిగితేనే."

"అడుగుతారా?"

"అడగనా మరి!"

ఫాగ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "బీరువా పటం సంగతి పెద్దదేమీ కాదు. గొట్టం కూడా..." అన్నాడు.

"లాయరు దగ్గరికి సోమవారం వెళ్దాం" అంది ఏవ్రిల్.

లీజు పొడిగింపు కాగితాల మీద ఫాగ్ ఆ వారంలోనే సంతకం పెట్టాడు. నైజెల్ కట్టిన విలువ న్యాయంగానే ఉంది. క్యాబేజీ దానికి మంచీ చెయ్యలేదు, చెడూ చెయ్యలేదు. నర్సుకు అప్పు మంజూరైంది. సెప్టెంబరు ఇంకా మిగిలి ఉండగానే ఏవ్రిల్ సామాను లారీ ఎక్కింది. వెదురు బుట్టను మాత్రం ఆవిడ స్వయంగా తీసుకెళ్ళి దుకాణంలో తిరిగి ఇచ్చేసింది. వాడనేలేదు కదా, ఎందుకిచ్చేస్తున్నారని దుకాణంవాడు అడిగితే, "ప్రయాణికుడు దిగిపోయాడు" అందట.

వెళ్ళేరోజు క్లచ్ కింది కిటికీలో కూర్చుని లారీని చూశాడు. ఏవ్రిల్ కారెక్కి, అద్దం సరిచేసుకుంది. సరిగ్గా ఉన్న అద్దాన్ని ఆవిడ రెండుసార్లు సరిచేయడం నేను చూశాను. సిగ్నలిచ్చింది. కదిలింది.

పై ఫ్లాటులో చేరిన నర్సుకు మొదటి నెలలోనే చీటీ వచ్చింది, కిటికీలో తడిబట్టల గురించి. పిల్లుల గురించి ఏమీ లేదు.

సెప్టెంబరు చివర వచ్చే మైకేల్మస్ పండుగ ఇక్కడ పాతకాలం నుంచీ అద్దెలు కట్టే రోజు. మరుసటి ఏడు ఆ రోజుకు ముందు ఫాగ్‌కు సీసాల్టర్ నుంచి చీటీ వచ్చింది. "లీజు ప్రకారం ఈ ఏటి అద్దె చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఆస్తిని కూడా తనిఖీకి తీసుకురండి. మీ విధేయురాలు, ఏ. పిల్బీమ్." ఆయన దాన్ని చేత్తో పట్టుకుని నా తలుపు దగ్గరికి వచ్చాడు. బస్సులో పిల్లి భయపడుతుందేమోనని సందేహం వెలిబుచ్చాడు. నా కారు ఖాళీగానే ఉందా అని మాత్రం ఆయన అడగలేదు. ఎదురుగా నిలబడ్డాడు, అంతే.

ఏవ్రిల్ ఇంటిముందు నిలబడి ఉంది. నన్ను కారు వెనక్కి నడుపుతూ కాంక్రీటు జాగాలోకి రమ్మంది. "కుడికి. ఇంకా కుడికి. నీకు నేర్పింది ఎవరు?" అని అరిచింది. ఆవిడ కారు పక్కన నా కారు ఆగేసరికి ముఖంలో గర్వం దాచుకోలేకపోయింది. రెండు కార్లు పట్టే జాగా.

ఫాగ్ కొత్త టై కట్టుకున్నాడు. జేబులోంచి మడిచిన కాగితం తీసి, విప్పి, అందులోని నల్ల గింజను ఏవ్రిల్ అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని పళ్ళ మధ్య పెట్టి పటుక్కున కొరికింది.

"పాత సరుకు" అంది. "ఘాటు లేదు."

"ఘాటుగా ఉండాలని లీజులో లేదు" అన్నాడు ఫాగ్.

ఫాగ్ తెచ్చిన బుట్టలోంచి బయటికొచ్చిన పిల్లి ఇల్లంతా ఒకసారి తిరిగి చూసింది. ఎండ పడే చోట ఉన్న కుర్చీ చుట్టూ కూడా తిరిగింది. ఏవ్రిల్ దానివైపు చూడనట్టే టీ పోసింది. తనిఖీలో బరువు కాస్త పెరిగినట్టు తేలింది. "చిన్న తప్పు ఒకటి. పాస్" అంది. ఫాగ్ ఊపిరి వదలడం వినిపించింది.

బయల్దేరదామని బయటికొస్తే క్లచ్ నా కారు వెనకచక్రం ముందు, వేడెక్కిన కాంక్రీటు మీద, ఒళ్ళు సాగదీసి పడుకుని ఉన్నాడు. ఫాగ్ వంగి మెల్లగా పిలిచాడు. కదలలేదు. చేప లేదు మరి.

"లేపకండి" అంది ఏవ్రిల్.

"చీకటి పడేలోగా ఇంటికి చేరాలి" అన్నాడు ఫాగ్.

"ప్రశాంత అనుభవం అని షరతు పెట్టింది ఎవరు? నా జాగాలో నిలిపినవాణ్ణి నేను కదపను." ఆవిడ లోపలికి వెళ్ళి మళ్ళీ కెటిల్ పెట్టింది. ఫాగ్ కాసేపు పిల్లి పక్కనే నిలబడి, తర్వాత టై సరిచేసుకుని ఆవిడ వెనకాలే లోపలికి వెళ్ళాడు.